ఇల్లుగానే అమ్మాలని: విజయనగరం పాతింటి పని డైరీ

నవంబరు 9

ఇవాళ ఇల్లంతా కొలిచాం. వీధి వైపు 42 అడుగులు, లోపలికి 96. మొత్తం 448 గజాలు. టేపు ఒక కొస తమ్ముడు పట్టుకున్నాడు, రెండోది నేను. పెద్దత్త అరుగు మీద కూర్చుని గదుల పేర్లు చెబుతూ రాయించింది. వీధి సావిడి, మండువా, పడమటి గది, దేవుడి గది, వంటిల్లు, ధాన్యం కొట్టు, పెరడు, నుయ్యి.

అయ్యకోనేరు దగ్గరి సందులో ఉన్న ఈ ఇంటిని అమ్మాలని దసరాకి అందరం కూర్చుని నిర్ణయించుకున్నాం. నేనూ అమ్మా విశాఖలో ఉంటాం, తమ్ముడు హైదరాబాదులో, పెద్దత్త బొబ్బిలిలో, చిన్నత్త శ్రీకాకుళంలో. తాళం వేసి ఉంచితే చెదలకూ వానకూ వదిలేసినట్టే. ఆ మాట పెద్దత్తే ముందు అంది.

పోయిన వారం ఇద్దరు బ్రోకర్లు వచ్చారు. ఇద్దరూ వీధి గుమ్మం దాటి లోపలికి రాలేదు. గజం రేటు కట్టి, అందులోంచి పడగొట్టే ఖర్చు తీసేసి అంకె చెప్పారు. మండువా చూడనైనా చూడకుండా పడగొట్టే ఖర్చు ఎలా లెక్క వేశారో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి, "జూన్ దాకా టైమివ్వు, ఖర్చు నాలుగు లక్షలు దాటనివ్వను. ఇల్లుగా అమ్ముదాం, స్థలంగా వద్దు" అన్నాను. "సరే అక్కా, కానీ కాగితాల సంగతి కూడా నువ్వే చూడాలి" అన్నాడు.

నవంబరు 16

ముందు నీటి సంగతి, తరువాతే గోడ సంగతి. వీధి గోడకు లోపల మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ ఉంది. దాని మీద రంగు వేయించి ఫోటోలు తీస్తే ఒక్క వానకే బయటపడుతుంది.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో అరుగు మెట్లు నాలుగింటిలో ఒకటిన్నర నేలలోకి పోయాయి. చూరు నుంచి పడ్డ నీళ్లు ఇప్పుడు గోడ మొదట్లోనే నిలుస్తున్నాయి. దానికి తోడు గోడ పొడవునా సిమెంటు చప్టా వేశారు కాబట్టి కిందికి ఇంకిన తడి పైకి ఆరే దారి లేదు, గోడలోకే ఎక్కుతోంది. రోడ్డుని మనం ఏమీ చేయలేం. మన హద్దులో ఉన్న చప్టా మాత్రం పగలగొట్టించి, అడుగున్నర లోతు తవ్వించి, వాలు చూసి కంకర నింపించాను.

మండువాలో పడ్డ వాన నీరు ఇంటి కింద నుంచి వీధిలోకి పోయే తూము ఒకటుంది. అది పూడిపోయి ఎన్నేళ్లయిందో. నలుగురం కలిసి మధ్యాహ్నమంతా తోడాం. మట్టి, పెంకు ముక్కలు, వాటిని చుట్టుకుని రావి వేళ్లు. చివరకు రెండు బకెట్ల నీళ్లు మండువాలో కుమ్మరిస్తే వీధి చివరన బయటికొచ్చాయి. తమ్ముడు అక్కడి నుంచి కేకేశాడు.

నవంబరు 30

చిన్నప్పటి నుంచి మా ఇంటిని అందరూ ఇసుకరాయి ఇల్లనే అంటారు. ఊళ్లో గంటస్తంభం ఇసుకరాయి కట్టడం కదా, మనదీ అదే రాయి అని తాతగారు చెప్పేవారట. అమ్మకం ప్రకటన కోసం నేను రాసుకున్న మొదటి వాక్యం కూడా అదే: "వందేళ్లు దాటిన ఇసుకరాయి పెంకుటిల్లు." ముద్రించే ముందు సరి చూసుకోవాలనిపించి, జియాలజీ చెప్పే నా స్నేహితురాలిని తీసుకొచ్చాను.

ఆమె అరుగు కింద రాయిని భూతద్దంతో చూసింది. నాకూ చూపించింది. గోధుమ, తుప్పు రంగు పొరల మధ్య దానిమ్మ గింజల్లా ముదురెరుపు గింజలు. గార్నెట్లట. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు పేరుకుని, మధ్యలో సిలికానో సున్నమో ఇనుమో చేరి అతుక్కున్న రాయి. దీని పుట్టుక వేరు. ఎప్పటిదో బురద, భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయి గట్టిపడింది. పేరు ఖొండలైట్. మన తూర్పు కనుమల నిండా ఉండేదే. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. కోణార్క్ గుడి, పూరీ జగన్నాథుడి గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే.

ప్రకటనలో మాట మార్చాను. ఇసుకరాయి అన్న పేరుకి విలువ ఎక్కువ ఉంటుందేమో, ఉండనీ. కొనేవాళ్లు రేపు ఇదే భూతద్దంతో చూస్తే మనం అబద్ధం చెప్పామని అనుకోకూడదు. పైగా కోణార్క్ రాయితో కట్టిన ఇల్లు అంటే చిన్న మాటా?

ఆమె చెప్పిన ఇంకో సంగతి పనికి చాలా అవసరమైంది. ఈ రాయిలో ఫెల్‌స్పార్ అనే ఖనిజం తడికి మెల్లగా బంకమట్టిగా మారుతుంది. అందుకే పాత ఖొండలైట్ గోళ్లతో గీకితే రాలుతుంది. ఇసుకరాయిలోనూ, దీనిలోనూ పొరలుంటాయి. గనిలో రాయి పడుకున్న తీరులోనే గోడలోనూ పడుకోబెట్టాలి. నిలబెడితే పొరలు పుస్తకం పేజీల్లా ఊడి వస్తాయి. మా గోడలో నిలబెట్టిన రాళ్లు పదకొండు లెక్కపెట్టాం. బాగా రాలినవి సరిగ్గా ఆ పదకొండే.

డిసెంబరు 14

మేస్త్రి గారు దొరికారు. గుర్ల వైపు ఊరు, డెబ్బై ఏళ్లు ఉంటాయి. సున్నం పని తెలిసినవాళ్ల కోసం నెల రోజులు తిరిగాను. సిమెంటు పని చేసేవాళ్లందరూ "మళ్లీ ప్లాస్టరింగ్ కొట్టేద్దాం మేడమ్, మూడు రోజుల పని" అన్నారు. ఈయన మాత్రం గోడ మీద చెయ్యి పెట్టి, వేలి కణుపుతో తట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, "సిమెంటు ఏసినోడిదే తప్పు తల్లీ. గోడకి ఊపిరాడతల్లేదు" అన్నారు.

ఆ సిమెంటు వేయించింది నాన్నగారే. ఇల్లు కొత్తగా కనబడాలని, నా పెళ్లికి ముందు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేశారు.

జరిగిందిదీ. పాత గోడలో రాళ్ల మధ్య ఉన్నది సున్నం అతుకు. రాయి కంటే అది మెత్తన. నేల నుంచి ఎక్కిన తడి ఆ సున్నం సందుల్లోంచి ఆరిపోయేది. తడితో వచ్చిన ఉప్పు కూడా అక్కడే తేలేది. అతుకు పాడైతే పదిహేను, ఇరవై ఏళ్లకోసారి మళ్లీ నింపుకునేవారు. రాయికి ఏమీ అయ్యేది కాదు. పైన సిమెంటు వేశాక ఆ దారి మూసుకుపోయింది. తడి రాయిలోకి తిరిగింది. సిమెంటు వెనక, రాయి లోపల ఆరడం మొదలుపెట్టింది. ఆరినప్పుడల్లా ఉప్పు పలుకులుగా గట్టిపడి లోపలి నుంచి రాయిని నెడుతుంది. అందుకే పెచ్చులు.

మిషను పెట్టనివ్వలేదు. చిన్న ఉలి, సుత్తి. డొల్లగా మోగిన చోట సిమెంటు పలకలు పలకలుగా వచ్చేసింది, దాని వెనక తెల్లగా ఉప్పు నూగులా ఉంది. మేస్త్రి గారు దాన్ని చౌడంటారు. గట్టిగా పట్టుకున్న చోట మాత్రం సిమెంటుతో పాటు రాయి తోలు కూడా ఊడుతోంది. గుమ్మానికి కుడి పక్క అలా ఒక చెయ్యి వెడల్పు రాయి పోయింది. నేనే ఆపమన్నాను. అలాంటి చోట్లు రెండున్నాయి, ఒకటి మూడడుగులు, ఒకటి రెండు. వాటిని సిమెంటుతోనే వదిలేశాం. చూడడానికి బాగుండవు. కానీ రాయి ఉంటుంది.

మొత్తం గోడకి పదమూడు రోజులు పట్టింది.

డిసెంబరు 28

గోడని కడగొద్దని స్నేహితురాలు గట్టిగా చెప్పింది. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి చీపురుతో దులిపి, రాలిన పొడిని సంచిలోకి ఎత్తి పారబోశాం. మరీ ఎక్కువ ఉన్న చోట కాగితం గుజ్జు, శుభ్రమైన బంకమట్టి కలిపి డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి అంగుళం మందం పట్టు వేశాం. అది ఆరుతూ ఉప్పుని తనలోకి లాక్కుంటుంది. ఆరాక దానంతటదే ఊడొస్తుంది. మూడుసార్లు వేస్తే మూడోసారి గోడ రంగు మారింది.

ఇవాళే సున్నం కూడా తడిపాం. గుల్లసున్నం అనుకున్నాను గానీ సరిపడా దొరకలేదు, కాల్చిన రాతిసున్నమే తెచ్చాం. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, తరువాత సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది. కళ్లద్దాలూ చేతి తొడుగులూ లేకుండా దగ్గరికి రానివ్వలేదు. పది నిమిషాలకి డ్రమ్ము కుతకుత ఉడికింది. పెద్దత్త దూరం నుంచి, "ఏటే గుంటా, అన్నం వార్చినట్టు కూర్చున్నావు" అంది.

సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీళ్లు చేరితే వెన్నలాంటి సున్నం అవుతుంది. గోడ మీదికి ఎక్కాక గాలిలోంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ మెల్లగా తీసుకుని రాయైపోతుంది. అందుకే దీనికి తొందర పనికిరాదు. జల్లెడ పట్టి, పైన నాలుగంగుళాల నీళ్లు నిలబెట్టి మూత పెట్టాం. ఫిబ్రవరి దాకా ముట్టుకోవద్దన్నారు మేస్త్రి గారు.

జనవరి 15

సంక్రాంతికి అందరూ వచ్చారు. కాగితాలు పరిచింది భోగి మర్నాడు, పండగ భోజనాలయ్యాక.

ఈ ఇల్లు తాతగారు స్వార్జితంతో 1951లో కొన్నది. కట్టింది మా వాళ్లు కాదు. ఆ దస్తావేజు నేను మొదటిసారి పూర్తిగా చదివాను. చెక్కుబందీలో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు చెప్పి, "రాతి గోడలు గల మండువా పెంకుటిల్లు, నూతితో సహా" అని ఉంది. ఇసుకరాయి అన్న మాట ఎక్కడా లేదు.

తాతగారు వీలునామా రాయలేదు. లాయరు గారి లెక్క: పెద్దత్తకు మూడో వంతు, చిన్నత్తకు మూడో వంతు, నాన్నగారి మూడో వంతులో అమ్మ, తమ్ముడు, నేను తలా తొమ్మిదో వంతు. ఐదుగురి సంతకాలూ ఉండాల్సిందే. చిన్నత్త "నాకెందుకే వాటా, పెళ్లికి ఇచ్చారు కదా" అంది. లాయరు గారు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఆమెకు రావలసింది ఆమెకు రావాలి, ఆపైన ఆమె ఇష్టం. చాలా ఇళ్ల అమ్మకం ఆగిపోయేది ఇక్కడే. అప్పటి మొహమాటం కొద్దీ ఆడపిల్లల సంతకం వదిలేస్తారు, ఇరవై ఏళ్లకి కొన్నవాళ్లు కోర్టు చుట్టూ తిరుగుతారు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు చూడమని దరఖాస్తు పెట్టాను. ఇంటి పన్ను ఇంకా తాతగారి పేరునే ఉంది, అదీ మార్పించాలి.

పనిలో పనిగా పెద్దత్త పడమటి గది గోడలో ఎత్తుగా ఉన్న గూడు చూపించింది. ఆ గదిని సంగీత కళాశాల విద్యార్థులకి అద్దెకిచ్చేవారట. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఊరు ఊరంతా ఏదో ఒక గదిలో ఒక విద్యార్థికి చోటిచ్చినట్టుంది. ఆ గూటిలో తంబురా నిలబెట్టుకునేవారని అత్త చెప్పింది. చెయ్యి పెట్టి చూశాను, లోతు సరిపోతుంది.

ఫిబ్రవరి 22

రెండు వారాలుగా సున్నం పని. డ్రమ్ము తెరిస్తే గడ్డ పెరుగులా ఉంది. చంపావతి ఇసుక కడిగి జల్లించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు. నేలకి దగ్గరగా, తడి తగిలే మూడడుగుల్లో మాత్రం ఇసుకలో కొంత తీసేసి మెత్తగా దంచిన ఇటుక పొడి కలిపారు. ఇటుక పొడి సున్నంతో కలిసి తడిలోనూ గట్టిపడుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లలో బెల్లం వేసి పులియబెట్టి, కలుపు నీళ్లుగా వాడారు. సున్నం నూరే గానుగ లేదు. ఇద్దరు కూలీలు రోకలితో దంచారు, పొద్దుట కలిపింది సాయంత్రం దాకా.

నిలబెట్టిన పదకొండు రాళ్లలో నాలుగు తీసి తిప్పి పడుకోబెట్టాం. మిగతావి బరువు మోస్తున్నాయి, కదపొద్దన్నారు. సందులు అంగుళం లోతు గీకి, తడిపి, నింపారు. ఒక్కో పూత అరంగుళం దాటనివ్వలేదు. మీద తడి గోనెలు కట్టి రోజుకి నాలుగుసార్లు నీళ్లు చల్లే పని నాది, శనాదివారాల్లో. మిగతా రోజులు ఎదురింటి పిన్నిగారు చూశారు. ఆవిడ సాయం లేకపోతే ఈ పని సగంలో ఆగిపోయేది.

రాయికి రంగు వేయలేదు. లోపలి గోడలకి పల్చటి వెల్ల, ఆరు పూతలు.

మార్చి 16

పైకప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి తూర్పు వాలు మీద పెంకులు ఎగిరిపోతే నాన్నగారు రేకులు వేయించారు. అవి తీయించి మళ్లీ బంగళా పెంకులే వేయించాను. ఇవి 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ ఫ్యాక్టరీతో మొదలైన రకం, కొక్కెంలా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఊళ్లో పడగొట్టిన ఒక ఇంటి పెంకులు ఆరు వందలు దొరికాయి. కొత్తవాటి కంటే గట్టిగా ఉన్నాయి. చెద పట్టిన వాసాలు మూడు మార్చాం. పడమటి గది దూలంలో చీలిక ఉంది. ఇనుప పట్టీ వేయించాను కానీ దూలం మార్చలేదు.

ఖర్చు ఇప్పటికి 3 లక్షల 70 వేలు.

ఏప్రిల్ 12

ప్రకటన రాశాను. ఇల్లు ఎలా ఉందో రాసిన చోటే లోపాలూ రాశాను. గుమ్మం పక్క రెండు సిమెంటు అతుకులు, పడమటి గది దూలం చీలిక, ఉత్తరం వైపు ఉమ్మడి గోడ, రోడ్డు ఎత్తు. తమ్ముడికి నచ్చలేదు. "వచ్చినప్పుడు చెబుదువులే అక్కా, రాతలో ఎందుకు" అన్నాడు. ఫోన్ మీద గంటసేపు వాదించుకున్నాం. చివరికి సరేనన్నాడు.

రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కట్టించాం. పాత ఆస్తి అమ్మితే లాభం లెక్కకి ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. 2024 జూలై 23 నుంచి పన్ను ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూడడం) లేకుండా 12.5 శాతం, లేదా పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో 20 శాతం. మా లెక్కలో ఏది తక్కువో ఆడిటర్ గారు చూస్తున్నారు. కొనేవాళ్ల వైపు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఫోన్ చేసే ప్రతివాళ్లూ ముందు అదే అడుగుతున్నారు.

మే 18

ఇప్పటికి తొమ్మిది మంది వచ్చారు. నలుగురు అపార్టుమెంటు కోసం. వాళ్లకి మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపాను. ఒకాయన రాళ్లు మాత్రం విడిగా అమ్ముతారా అనడిగాడు. ఒక కుటుంబానికి ఇల్లు బాగా నచ్చింది కానీ కారు పెట్టుకోవడానికి అరుగు తీసేస్తామన్నారు. అరుగు తీస్తే పునాది బయటపడుతుందని చెప్పాను. మళ్లీ ఫోన్ రాలేదు.

ఇవాళ వచ్చినవాళ్లు రిటైరైన దంపతులు. ఎండ మండిపోతోంది. మండువాలోకి రాగానే ఆవిడ చెప్పులు విప్పి స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయారు. ఆయన ఇల్లు చూడకుండా ముందు నా లోపాల కాగితం చదివారు. గుమ్మం దగ్గరికి వెళ్లి సిమెంటు అతుకుల్ని తట్టి చూసి, "ఇవి ఎందుకు తీయలేదు?" అనడిగారు. చెప్పాను. రాయి పోయిన చోటు కూడా చూపించాను. తరువాత రెండు గంటలు ఉన్నారు. తూము ఎటు పోతుందో, నూతిలో ఎండాకాలం నీళ్లెంత ఉంటాయో, దూలం ఏ కర్రో అడిగారు. ధర గురించి వెళ్లేటప్పుడు అడిగారు.

జూన్ 14

నిన్న రాత్రి మొదటి గట్టి వాన. ఉండబట్టలేక తెల్లవారకుండానే విశాఖ నుంచి బయలుదేరి వచ్చాను. కంకర కాలవలో నీళ్లు నిలవలేదు. లోపల వీధి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, మూడడుగుల దాకా ఉండే చెమ్మ ఇప్పుడు జానెడు. తూర్పు వాలులో ఒక్క చోట కారింది, ఒక పెంకు జరిగింది, సర్దించాను.

జూన్ 22

ఆ దంపతులతో అగ్రిమెంటు అయింది. బ్రోకర్లు చెప్పిన స్థలం ధర కంటే కొంచెం ఎక్కువే, మేం అనుకున్నంత కాదు. పెద్దత్త, చిన్నత్త, అమ్మ, తమ్ముడు, నేను, ఐదుగురం సావిడిలో కూర్చుని సంతకాలు చేశాం. రిజిస్ట్రేషన్ వచ్చే నెల. మేస్త్రి గారి ఫోన్ నంబరు, నేను రాసుకున్న కలుపు పాళ్లు, 1951 దస్తావేజు నకలు ఒక ఫైలులో పెట్టి ఇచ్చాను.

పెరట్లో సున్నం డ్రమ్ములో ఇంకా మూడో వంతు మిగిలి ఉంది. పారబోయమంటారా అనడిగాను. ఆవిడ మూత తీసి చూశారు. పైన నీళ్లు తేటగా ఉన్నాయి.

"ఎన్నాళ్లు నిలవ ఉంటుందమ్మా ఇది?"

"నీళ్లు తగ్గకుండా చూసుకుంటే ఏళ్ల తరబడి ఉంటుందండీ. ఎంత ఊరితే అంత మంచిదంటారు మేస్త్రి గారు."

ఆయన నూతి దగ్గరికి వెళ్లి ఒక బకెట్ నీళ్లు తోడి తెచ్చి, డ్రమ్ములో అంచు దాకా పోసి మూత పెట్టారు.